మైనం కరిగే వేళకి

తడిసిన బూట్లలో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కుతున్నాను. సోఫాలోంచి మావారు అన్నారు, "నిన్న సిగ్నల్ దగ్గర మా మేనేజరు నిన్ను చూశారట."

మామూలుగా మేనేజరు కబుర్లు చెప్పేటప్పుడు ఉండే హుషారు ఆ గొంతులో లేదు. నేను రెండో బూటు అందుకున్నాను. రాత్రి పేపరు కుక్కితే తెల్లారేసరికి తడంతా లాగేస్తుంది, లేకపోతే పొద్దున్నే చన్నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టినట్టుంటుంది. ఎవరో మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో మడమ దాకా దూరిపోయింది. "చూస్తే?" అన్నాను.

"చూస్తే ఏంటి చూస్తే! ఆయన కార్లో ఉన్నారు. పక్కనే నువ్వు, ఆ సైకిలు, ముక్కు చివర్నించి కారుతున్న నీళ్ళు. ఇవాళ నన్ను గదిలోకి పిలిచి మరీ అడిగారు, ఇంట్లో అంతా బాగానే ఉందా అని."

తడిసింది నేను. చలికి వణికింది నేను. సిగ్గుతో చితికిపోయింది మాత్రం ఆయన. ఇంట్లో అంతా బాగానే ఉందా అన్న ప్రశ్న ఆ మేనేజరుగారు సిగ్నల్ దగ్గర అద్దం దించి నన్నే అడిగి ఉంటే ఎంత బాగుండేది. పచ్చ లైటు పడేలోపు చెప్పగలిగినంత చెప్పేదాన్ని. కానీ మా ఇంటి క్షేమం కనుక్కోవాలంటే ఎవరైనా సరే ఆయన్నే అడుగుతారు. ఆయనేమో కారుందని, ఇద్దరిదీ ఒకటే దారని, కట్టుకున్నదాన్ని సరిగ్గా చూసుకోవట్లేదని నలుగురూ తననే అంటారని, ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ మొదలుపెట్టారు. లోపల గదిలోంచి అత్తయ్య వంత పాడింది. ఆ వానకోటుతో ఇంట్లోకి వస్తుంటే గుమ్మంలో మడుగు కడుతోందట, ఎప్పుడో ఎవరో ఒకరు జారి నడుం విరగ్గొట్టుకుంటారట. ఆ మడుగు తుడిచేది నేనే కాబట్టి దాని సంగతి నాకు ఆవిడకన్నా బాగానే తెలుసు.

మొన్న ఆదివారం ఇంతకన్నా పెద్ద వాన పడింది. అత్తయ్య బీపీ మాత్రలు అయిపోయాయి. ఈయన టీవీలో మ్యాచ్ చూస్తూ, తల తిప్పకుండానే, "నీకు సైకిలుందిగా, చటుక్కున వెళ్ళొచ్చేయ్" అన్నారు. వెళ్ళొచ్చాను. దారిలో ఒక లారీ నిలువెల్లా బురదనీళ్ళు చిమ్మింది. తిరిగొచ్చాక అత్తయ్య మాత్రల పెట్టె లైటు కింద పెట్టి చూసుకుంది, ఆయన స్కోరు చూసుకున్నారు. ఆవేళ నా ముక్కు చివర నీళ్ళు ఎవరికీ కనిపించలేదు. సైకిలు నామోషీ కాలేదు. మందుల షాపుకి వెళ్తే వాన నన్ను తడపదు కాబోలు, ఉద్యోగానికి వెళ్తేనే తడుపుతుంది. ఈ ముక్క నోటిదాకా వచ్చింది. బూటు లేసు ముడి వేసి లేచాను.

నోటిదాకా వచ్చి ఆగినవన్నీ నేను పొద్దున్నే పనికి వెళ్ళే దారిలో వంతెన మీద అంటాను. ఇల్లు వదిలిన దగ్గర్నించి పెద్ద మలుపు దాకా చలి చంపేస్తుంది. చేతులకి ఎన్ని తొడుక్కున్నా ముందు వేళ్ళ కొసలు మొద్దుబారతాయి, తర్వాత భగ్గున మండుతాయి. కళ్ళజోడు నిండా చుక్కలు. నీళ్ళ కింద ఏ గుంట ఎక్కడుందో కాళ్ళకే తెలుసు. వంతెన ఎక్కడం మొదలయ్యేసరికి ఒంట్లో ఎక్కడో పొయ్యి వెలుగుతుంది. పైన వాన టపటపా కొడుతుంటే కోటు లోపల నేనూ, నా ఊపిరీ. అక్కడికి "నా కళ్ళజోడు చూశావా" అనే మాట చేరదు. "పాలు పొంగుతున్నట్టున్నాయి చూడు" అని, పాల పక్కనే నిలబడి, ఎక్కడో ఉన్న నన్ను ఎవరూ పిలవలేరు. ఆ దారిలో నేనేం గొప్ప ఆలోచనలు చెయ్యను. నిన్న అనలేని జవాబులన్నీ ఒక్కొక్కటే గట్టిగా అంటాను. రాగం సరిగ్గా రాని పాటలు పాడతాను. ఒక్కోసారి ఊరికే తిడతాను, ఫలానా వాళ్ళనని కూడా కాదు. వాన చప్పుడులో ఎవరికీ వినపడదు. ఆ కాసేపూ నాకు సంతోషంగా ఉంటుంది. పెళ్ళయినప్పట్నించీ నాకోసం నేను ఉంచుకున్నది ఏమైనా ఉంటే అది ఈ దారే. ఇంట్లో చెబితే వానలో నానడం కూడా ఒక సంతోషమేనా అని నవ్వుతారు. అందుకని చెప్పలేదు.

నేను పనిచేసేది ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో. పట్టేసిన కీళ్ళు, బిగుసుకున్న భుజాలు, ముడుచుకుపోయిన వేళ్ళు మా సరుకు. మా దగ్గర మైనం తొట్టి ఒకటుంది. వేడి మైనంలో చెయ్యి ముంచి, తీసి, మళ్ళీ ముంచి, అలా పొర మీద పొర కడితే చేతికి తెల్లటి తొడుగు వేసినట్టవుతుంది. దానికి తువ్వాలు చుట్టి కూర్చోబెడతాం. కాసేపయ్యాక వలిచేస్తే, పిడికిలి తెరుచుకోని చేతులు కూడా మెల్లగా విచ్చుకుంటాయి. అయితే ఆ మైనం రాత్రికి రాత్రే రాయిలా గడ్డకడుతుంది. పేషెంట్లు వచ్చే వేళకి కరిగి ఉండాలంటే ఎవరో ఒకరు అందరికన్నా చాలా ముందొచ్చి స్విచ్ వెయ్యాలి. ఆ ఎవరో నేను. అందుకే తాళం నా దగ్గరుంటుంది. చలిపెట్టి ముసురు పట్టిందంటే కీళ్ళ నొప్పుల వాళ్ళందరికీ ఒకేసారి పూనకం వస్తుంది. అంటే వాన ఎంత గట్టిగా కురిస్తే నేను అంత పెందలాడే వెళ్ళాలి.

అదే పని సాయంత్రం ఇంట్లోనూ చేస్తాను. అత్తయ్య మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టి, కండరం సడలేదాకా ఒత్తుతాను. క్లినిక్‌లో దాన్ని చికిత్స అంటారు, ఇంట్లో కాళ్ళు పట్టడం అంటారు. చేతులు మాత్రం అవే.

క్లినిక్‌లో నాతోపాటు ఇంకో ఫిజియోథెరపిస్టు ఉన్నారు. ఆయనా సైకిలు మీదే వస్తారు. దానికి ఎన్ని గేర్లున్నాయో ఆయనకే తెలియాలి. నేను మనసులో ఆయన్ని గేర్లబాబు అంటాను. మా డాక్టరుగారు గేర్లబాబు హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఫోటో పెద్దది చేయించి, పేషెంట్లు కూర్చునే హాల్లో తగిలించారు. ఆరోగ్యం కావాలంటే ఈయన్ని చూసి నేర్చుకోండి అని వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తారు. నాకేమో, సైకిలు ముందు పెట్టకండమ్మా, వెనక చెత్త డబ్బాల దగ్గర పెట్టుకోండి, పేషెంట్లు చూస్తే పాపం అనుకుంటారు అని చెప్పారు. ఆయన తొక్కితే వ్యాయామం, నేను తొక్కితే దరిద్రం. ఇంతకీ వానొచ్చిన రోజున గేర్లబాబు టాక్సీలో దిగుతారు. తడిస్తే గొలుసు తుప్పు పడుతుంది మేడమ్ అంటారు. ఆయన కింద నిలబడి గొడుగు దులుపుకుంటారు, పైన గోడ మీద ఆయనే హెల్మెట్‌తో నవ్వుతుంటారు. నేను ఆ నవ్వు చూసి నవ్వుకుంటాను.

మేనేజరు నన్ను చూసిన ఆ వారం మావారి మాట విన్నాను. విసుగొచ్చి విన్నాను. పైగా అత్తయ్యకి దగ్గు పట్టుకుంది, అది నేను బయటినుంచి తెచ్చినదే అని తీర్మానం అయిపోయింది. సరే, కార్లోనే వెళ్దాం అన్నాను. ఇక చూడాలి. నేను తయారై గుమ్మంలో నిలబడేసరికి ఆయన ఇంకా గడ్డం గీసుకుంటూ ఉంటారు. చొక్కా ఏదని అడుగుతారు. నిలబడే ఉన్నావుగా, ఆ ఇస్త్రీ ఒకసారి లాగెయ్ అంటారు. కారెక్కాక అద్దాలు బిగించుకుని మాటలు మొదలు. బ్యాంకు పని మర్చిపోయానంటారు, తన చెల్లెలి అత్తగారికి నేను ఫోన్ చెయ్యలేదంటారు, ముందు కారువాడు తాతగారిలా నడుపుతున్నాడంటారు. వెచ్చగా ఉంది, పొడిగా ఉంది, తల పగిలిపోతోంది. అద్దానికి ఆవల వాన పడుతుంటే జైల్లోంచి చూస్తున్నట్టు చూశాను. సాయంత్రం నా పని అయిపోయినా ఆయన వచ్చేదాకా క్లినిక్ మెట్ల మీద కూర్చోవాలి. రావడం ఆలస్యమైతే మీటింగ్ అంటారు, అక్కడితో అయిపోయినట్టే.

పొద్దున్న నేను వెళ్ళేసరికి పేషెంట్లు వసారాలో నిలబడి ఉండేవారు. తాళం నా దగ్గర, మైనం రాయిలా. వాళ్ళలో ఒక కుట్టుమిషనావిడ ఉంది. ఏళ్ళ తరబడి సూదీ దారం పట్టిన వేళ్ళు లోపలికి వంగిపోయాయి. ఆవిడ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. నన్ను చూసి ఒక్క నిష్ఠూరపు మాటా అనలేదు. "కార్లో వచ్చావా తల్లీ, పోన్లే, తడవలేదు" అంది. ఆవిడ చేతులు పట్టుకుంటే ఐసుముక్కల్లా ఉన్నాయి. మైనం కరిగేదాకా ఆ చేతులు నా చేతుల్లోనే పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఆయన మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది. నోరు మూసుకుని ఒప్పుకున్నందుకు.

సాయంత్రం కార్లో చెప్పేశాను, రేపట్నించి నేను మళ్ళీ సైకిలు మీదే వెళ్తాను అని. ఆయన వైపర్ల వైపు చూస్తూ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఇన్నేళ్ళ కాపురం చేసిన దాన్ని, ఆ మౌనాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

మర్నాడు కుండపోత. వంతెన మీద ఎదురుగాలికి సైకిలు ముందుకి కదలనంది. దిగి నడిపించుకుంటూ వెళ్ళాను, ఆయనకి చెప్పాల్సినవి, అత్తయ్యకి చెప్పాల్సినవి, చెల్లెలి అత్తగారికి కూడా చెప్పాల్సినవి చెప్పుకుంటూ. తాళం తీసి, స్విచ్ వేసి, బట్టలు మార్చుకుని, మైనం అంచుల్లో కరగడం మొదలయ్యేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. వసారాలో ఎవరూ నిలబడలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చేతులు ముంచుకున్నారు.

మధ్యాహ్నం డాక్టరుగారు గదిలోకి పిలిచారు. మొహం నిండా దయ.

"నిన్న రాత్రి మీవారు ఫోన్ చేశారమ్మా. అంతా వివరంగా చెప్పారు. ఈ వానలు తగ్గేదాకా మీరు పొద్దున్నే రానక్కర్లేదు. ఇంట్లో పని చూసుకుని, ఆయనకి వీలైనప్పుడు ఆయనతోపాటే రండి. సాయంత్రం కూడా తొందరగా వెళ్ళిపోండి. తాళం ఈయనకి ఇచ్చెయ్యండి" అంటూ పక్కనున్న గేర్లబాబుని చూపించారు.

ఇద్దరు మగవాళ్ళు ఫోన్లో నా పొద్దుటిపూటని పంచుకున్నారు. స్కూలు వ్యాను ఏ వేళకి రావాలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. నిన్న రాత్రి నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే ఈయన బాల్కనీలో తిరుగుతూ నవ్వుతూ మాట్లాడిన ఫోన్ ఇదన్నమాట. గేర్లబాబు ఇబ్బందిగా తల గోక్కుని, అంత పొద్దున్నే వానలో టాక్సీ దొరకదేమో సార్ అన్నారు. డాక్టరుగారు ఆ మాట చెవిన వేసుకోలేదు.

"నన్ను అడగలేదేం డాక్టరుగారూ?" అన్నాను.

"మీవారు చెప్పారుగా."

"ఆయన ఇక్కడ పనిచెయ్యరండీ."

డాక్టరుగారి మొహంలో దయ కొంచెం తగ్గింది. మధ్యలో తనకెందుకు ఈ తలనొప్పి అన్నారు. నేను పాత వేళకే రావాలంటే అభ్యంతరం లేదట, కాకపోతే మావారి చేత ఒక మాట చెప్పించాలట. లేకపోతే రేపు తాళం ఇచ్చెయ్యాలట. మైనం తొట్టి చూసుకోని మనిషికి ఇక్కడ పెద్దగా పనేం ఉండదు అని కూడా, నన్ను చూడకుండా, కాగితాలు సర్దుకుంటూ అన్నారు. అంటే ముందు పొద్దుటిపూట పోతుంది, ఆ తర్వాత ఉద్యోగమే పోతుంది. నేను చెప్పించనని, పని చేసేది నేను కాబట్టి నా మాట నేనే చెబుతున్నానని, రేపు కూడా నేనే వచ్చి తలుపు తీస్తానని చెప్పి బయటికొచ్చాను.

ఇంటికెళ్ళి కోటు కూడా విప్పకుండా అడిగాను. నా కింద మడుగు కడుతోంది. మావారు కాస్త కూడా తడబడలేదు. నీ మంచికే కదా అన్నారు. ఆ డాక్టరు ఎంత మంచివాడో అన్నారు, ఒక్క ఫోన్‌తో ఒప్పుకున్నాడని. నలుగురు మగవాళ్ళ మధ్య తన మాటకి ఎంత విలువుందో నాకు తెలిసిరావాలన్నట్టు అన్నారు. అత్తయ్య కల్పించుకుని, "వాడు ముందే నిన్ను అడిగుంటే ఒప్పుకునేదానివా అమ్మాయ్?" అంది.

"ఒప్పుకునేదాన్ని కాదు."

"చూశావా మరి. అందుకే అడగలేదు."

ఆవిడ తన కొడుకుని వెనకేసుకొచ్చాననే అనుకుంది పాపం. డాక్టరుగారికి మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోమని ఈయన్ని ఒక్కసారే అడిగాను. మాట ఇచ్చి వెనక్కి తీసుకుంటే తన పరువేం కావాలన్నారు. తర్వాత నవ్వి, గొంతు మెత్తగా చేసి అన్నారు, "అయినా ఇందులో తప్పేముంది చెప్పు. భార్యాభర్తలం. ఒకరి తరఫున ఒకరం మాట్లాడుకోకూడదా?"

ఆ మాటకి నేను జవాబు చెప్పలేదు. నా మౌనాన్ని ఆయన ఒప్పుకోవడం అనుకున్నారు.

తెల్లారింది. వాన ఆగలేదు. ఇంకా సరిగ్గా వెలుగు రాకముందే బూట్లు వేసుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని, ఆయనకి రొట్టె కాల్చి, టీ పోసి బల్ల మీద పెట్టాను. వానల వల్ల ట్రాఫిక్ ఆగిపోతోందని ఆయనా ఆవేళ పెందలాడే లేచారు. అత్తయ్య అప్పటికే కూర్చుని టీలో రొట్టె ముంచుకుంటోంది. మేనేజరుగారు ఆర్నెల్ల కిందట మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు దారి చెప్పడానికి నేనే మాట్లాడాను, నంబరు నా ఫోన్లోనే ఉంది. ఆయన వానొచ్చినా గొడుగేసుకుని పొద్దున్నే నడకకి వెళ్తారనీ, ఆ టైములో కూడా తను చేస్తే ఫోన్ ఎత్తుతారనీ మావారు గొప్పగా చెబుతుండేవారు. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ రొట్టెల పళ్ళెం పక్కన పెట్టాను.

"చెప్పండమ్మా, బాగున్నారా?" అన్నారు మేనేజరుగారు. నడుస్తున్నారేమో, ఆయాసం వినిపించింది.

ఆ గొంతు వినగానే మావారి చేతిలో కప్పు ఆగిపోయింది.

"బాగున్నానండీ. మావారి గురించి ఒక మాట చెబుదామని చేశాను. ఈ వానల్లో ఆయన కారు నడుపుతుంటే ఇంట్లో మాకు చాలా బెంగగా ఉంటోంది. చలికి ఆయన నడుం కూడా పట్టేస్తోంది. అందుకని వానలు తగ్గేదాకా ఆయన మధ్యాహ్నం నుంచి వస్తారు. పొద్దుటి మీటింగులు ఇంకెవరికైనా అప్పజెప్పండి. సాయంత్రం కూడా కాస్త తొందరగా పంపించెయ్యండి, ఇంట్లో పని ఉంటుంది."

మావారు ఫోన్ వైపు చెయ్యి చాపారు. నేను ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను. గట్టిగా ఏం కాదు, పేషెంటు చెయ్యి పట్టుకున్నంత మెత్తగానే. బిగుసుకున్న కీలుని ఎక్కడ పట్టుకుంటే కదలదో నాకు తెలుసు.

"ఈ సంగతి ఆయనకి తెలుసా అమ్మా?" అన్నారు మేనేజరుగారు.

"లేదండీ. ఆయన్ని అడగాలంటారా?"

మేనేజరుగారు నవ్వడం మొదలుపెట్టారు. మంచి మనిషే, కడుపారా నవ్వారు. నడక ఆపి నవ్వుతున్నట్టున్నారు. మీవారు పెట్టిన పందెమా ఇది, పొద్దున్నే భలే నవ్వించారమ్మా అన్నారు. అత్తయ్య రొట్టెముక్క టీలో మెత్తబడి జారిపోయింది. మేనేజరుగారి నవ్వు పూర్తయ్యేదాకా ఆగాను.

"మొన్న రాత్రి మావారు మా డాక్టరుగారికి అచ్చం ఇలాగే ఫోన్ చేశారండీ," అన్నాను. "అక్కడ ఎవరూ నవ్వలేదు."